ఆరని రంగు

మా రెస్టారెంటు వెనక ప్రహరీ ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు. అయినా ఎవరో రాత్రిపూట దూకి స్టోర్‌రూమ్ దాకా వచ్చిపోతున్నారు. “గాజు పెంకులు పాతేద్దాం సార్” అన్నాడు మేస్త్రీ. గోడ పక్కనే తోటలో టేబుళ్లు! తినడానికి వచ్చినవాళ్లు తలెత్తితే సెంట్రల్ జైలు కనిపించకూడదు కదా. ఇనుప మేకులకీ అదే అభ్యంతరం. ముళ్లతీగ మొక్క పాకిద్దామంటే, అది గోడెక్కేలోపు దొంగలు రిటైరైపోతారు. కడ్డీ మీద గిర్రున తిరిగే రోలర్లు కూడా చూశాను. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే కిందికొస్తాడు. బాగానే ఉన్నాయిగానీ, పిల్లలు వాటికోసమే గోడెక్కుతారని భయం.

చివరికి దొరికింది, ఎప్పటికీ ఆరని పెయింటు. గ్రీజులా చిక్కగా ఉంటుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పూస్తే పైకి మామూలు నల్లరంగే, లోపల ఏళ్ల తరబడి జారుడే. దారినపోయేవాళ్లకి అంటకుండా ఎనిమిది అడుగుల పైనే పూయించాను. ఆరుతుందని చెప్పి ఆరని రంగులు చాలా చూశాను. చెప్పిన మాట నిలబెట్టుకున్నది ఇదొక్కటే.

ఒకటే చిక్కు. రంగు ఉందని హెచ్చరిక బోర్డు పెట్టాలిట. గుట్టుగా ఉండాలని ఇంత తంటాలు పడితే, మూరెడు పసుపుపచ్చ బోర్డు!

నాలుగోరోజు రాత్రి అందరినీ పంపేసి, బయటికొచ్చి వెనక గేటు లాగాను. దానంతటదే తాళం పడే రకం. క్లిక్కుమన్నాక గుర్తొచ్చింది, తాళంచెవులూ ఫోనూ గల్లాపెట్టె మీదే ఉన్నాయని.

రంగు ఎక్కడ పూశారో నాకు తెలుసు కదా అని ధైర్యం. తెలిసినంత మాత్రాన గోడకి ఇంకో అంచు మొలవదని తట్టలేదు. చెత్తడబ్బా ఎక్కి, ఎగిరి పట్టుకున్నాను. పట్టుకున్నాననే అనుకున్నాను. గోడ నన్ను నిదానంగా, ఎంతో మర్యాదగా, కిందికి దించింది. రెండోసారి మోచేతులు ఆనించాను. చొక్కా కూడా పోయింది. సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెట్టింది.

“ఎవడ్రా అది?” ఆలస్యంగా డ్యూటీకొచ్చిన మా వాచ్‌మన్.

“నేనే.”

“నేనంటే?”

టార్చి వెలుగు నా మొహం మీంచి చేతుల మీదకి దిగింది. అతని మొహం వెలిగిపోయింది. “సార్! పనిచేస్తోంది సార్!” అంటూ సంతోషం పట్టలేక షేక్‌హ్యాండ్ ఇచ్చేశాడు. ఇక ఇద్దరం ఒకరి చేయి ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. సబ్బుకి లొంగలేదు. కిరోసిన్‌కి కాస్త కరిగింది.

పొద్దున చూస్తే గోడకి పైనుంచి కిందిదాకా పది వేళ్ల నల్లచారలు. తుడిపించబోతుంటే వాచ్‌మన్ అడ్డొచ్చాడు. “ఉండనివ్వండి సార్. బోర్డు ఎవడు చదువుతాడు?”