మొత్తం చూపి, రేటు దాచి

అమెరికా మహిళా ఫుట్‌బాల్ జట్టు తమ దేశ ఫుట్‌బాల్ పాలక సంస్థ అయిన సాకర్ సమాఖ్యపై వేసిన సమాన వేతన వ్యాజ్యంలో అసలైన భాగాన్ని లాస్ ఏంజెలెస్‌లోని ఫెడరల్ న్యాయస్థానం 2020 మే 1న విచారణ దాకా రానీయకుండానే కొట్టివేసింది. ప్రయాణం, బస, వైద్య, శిక్షణ సిబ్బంది విషయంలో తేడాలు చూపారన్న ఆరోపణలు మాత్రం ఆ ఏడాది జూన్ 16న మొదలు కావలసిన విచారణలో తేల్చుకోవచ్చునని, వేతనం సంగతి అక్కడ ఎత్తడానికి వీల్లేదని న్యాయమూర్తి గ్యారీ క్లాస్నర్ నిర్ణయించారు. నాలుగుసార్లు ప్రపంచ కప్ గెలిచిన జట్టు ఇక విమానాల గురించీ హోటల్ గదుల గురించీ మాత్రమే మొరపెట్టుకోవాలన్నమాట. కరోనా వార్తల హోరులో ఈ తీర్పు మన దగ్గర ఆటల పేజీ అడుగున నాలుగు వాక్యాలతో సరిపెట్టుకుంది. ఆట వార్తగా దాని విలువ అంతే కావచ్చు. కానీ జీతానికో కూలికో పనిచేసే ప్రతి మహిళ మీదా రేపు ప్రయోగించగల లెక్క ఒకటి అందులో ఉంది కనుక దాన్ని ఆటల పేజీకి వదిలేయడం కుదరదు.

ఆ లెక్క ఇది. 2015 నుంచి 2019 వరకు మహిళల జట్టు 111 మ్యాచ్‌లు ఆడి సుమారు 2.45 కోట్ల డాలర్లు అందుకుంది. పురుషుల జట్టు 87 మ్యాచ్‌లు ఆడి సుమారు 1.85 కోట్ల డాలర్లు అందుకుంది. మ్యాచ్‌కు సగటున మహిళల జట్టుకు 2,20,747 డాలర్లు, పురుషుల జట్టుకు 2,12,639 డాలర్లు పడ్డాయి. మొత్తంలోనూ సగటులోనూ మహిళలదే పైచేయి అయినప్పుడు వివక్ష ఎక్కడుందని న్యాయస్థానం భావించింది. కూడికలో, భాగహారంలో తప్పేమీ లేదు. ఆ అయిదేళ్లలో ఎవరేం సాధించారన్నదే ఈ లెక్కకు ఎక్కలేదు. మహిళలు 2015లో వాంకూవర్‌లో జపాన్‌ను 5-2తోనూ, 2019లో లియాన్‌లో నెదర్లాండ్స్‌ను 2-0తోనూ ఓడించి వరసగా రెండు ప్రపంచ కప్‌లు ఇంటికి తెచ్చారు. పురుషులు 2017 అక్టోబరులో ట్రినిడాడ్ అండ్ టొబాగో చేతిలో 1-2తో ఓడి, 2018 ప్రపంచ కప్‌లో ఆడే అర్హతనే పోగొట్టుకున్నారు. ఫలితాల్లో ఇంత అంతరం ఉండగా మ్యాచ్‌కు ముట్టిన సొమ్ములో తేడా ఎనిమిది వేల డాలర్లే. రేట్లు వేరుగా ఉంటే తప్ప ఇలా జరగదు. న్యాయస్థానం మాత్రం దీన్నే సమానత్వానికి రుజువుగా తీసుకుంది.

పత్తి చేలో ఈ లెక్క ఎలా ఉంటుందో చూడండి. కిలో పత్తి ఏరినందుకు మగ కూలీకి 10 రూపాయలు, ఆడ కూలీకి 6 రూపాయలు ఇచ్చే ఆసామి ఒకడున్నాడనుకుందాం. పొద్దుగూకేసరికి ఆమె 50 కిలోలు ఏరింది, అతను 30 కిలోలు ఏరాడు. ఇద్దరి చేతుల్లోనూ 300 రూపాయలు పెట్టి, నేను సమానంగానే ఇచ్చాను గదా అని ఆసామి అంటే ఆ చేలో ఉన్న ఏ కూలీ అయినా నవ్వుతుంది. అమెరికా సాకర్ సమాఖ్య ఫెడరల్ న్యాయస్థానంలో చెప్పినది దీనికి భిన్నమేమీ కాదు. అక్కడ ఎవరూ నవ్వలేదు.

రేట్లు ఎంత వేరుగా ఉన్నాయో వ్యాజ్యం పత్రాలే చెబుతున్నాయి. పాత ఒప్పందాల కాలంలో రెండు జట్లూ ఏడాదికి 20 స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడి అన్నింటా గెలిస్తే మహిళకు అత్యధికంగా 99,000 డాలర్లు, పురుషుడికి సగటున 2,63,320 డాలర్లు వచ్చేవి. 2014 ప్రపంచ కప్‌లో ప్రీక్వార్టర్స్‌లోనే ఓడి వచ్చిన పురుషుల జట్టుకు సమాఖ్య ఇచ్చిన బోనస్ 53.75 లక్షల డాలర్లు. మరుసటి ఏడాది కప్పు గెలిచి వచ్చిన మహిళల జట్టుకు ఇచ్చింది 17.25 లక్షల డాలర్లు. ఓడినవారికి ఇచ్చిన దానిలో గెలిచినవారికి మూడో వంతు కూడా ముట్టలేదు. 2017లో కుదిరిన కొత్త ఒప్పందం ఈ అంతరాన్ని కొంత తగ్గించిన మాట నిజమే కానీ పూడ్చలేదు. పురుషుల ఒప్పందంలోని బోనస్‌ల ప్రకారం తమకు రావలసినది వడ్డీతో కలిపి 6.6 కోట్ల డాలర్లకు పైమాటేనని జట్టు తరఫు నిపుణులు లెక్కగట్టారు. అమెరికాలో 1963లో వచ్చిన సమాన వేతన చట్టం నిషేధించినది ఒకే పనికి స్త్రీకి తక్కువ రేటు కట్టడాన్ని. ఏడాది చివర ఎవరి చేతికి ఎంత వచ్చిందన్న మొత్తాన్ని చూపి రేటును దాచుకోవచ్చునని అంగీకరిస్తే ఆ చట్టం ఉండీ లేనట్లే.

సమాఖ్య వాదనలోనూ బలం లేకపోలేదని, మహిళలు స్థిరమైన జీతం, బీమా, గాయపడినా ప్రసవించినా ఆగని చెల్లింపులు కోరుకొని తామే స్వయంగా ఆ ఒప్పందంపై సంతకాలు చేశారని కొందరు అంటున్నారు. న్యాయమూర్తి కూడా ఈ మాటకే మొగ్గారు. మ్యాచ్ ఆడితేనే డబ్బు అనే పురుషుల పద్ధతిని చర్చల్లో వద్దన్నవారు ఇప్పుడు అదే మేలని అనడానికి వీల్లేదన్నది ఆయన తర్కం. పురుషులకు కట్టే రేట్లతోనే ఆ పద్ధతిని సమాఖ్య తమ ముందు ఏనాడూ పెట్టలేదని క్రీడాకారిణులు చెబుతూనే ఉన్నారు. తక్కువ రేటుతో ఇవ్వజూపిన దాన్ని కాదన్నందుకు ఎక్కువ రేటు అడిగే హక్కు పోతుందనడం వింతగా ఉంది. ఆ మహిళలు జీతం హామీ ఎందుకు కోరుకున్నారో కూడా ఆలోచించాలి. పురుష ఆటగాళ్లకు క్లబ్బుల్లో వచ్చే జీతాలతోనే జీవితాలు గడిచిపోతాయి. మహిళల లీగ్‌లో జీతాలు ఎంత పలచనంటే, జాతీయ జట్టు సభ్యుల క్లబ్బు జీతాలను సైతం సమాఖ్యే భరించవలసి వచ్చింది. ఆ అభద్రతలో భద్రత అడగడం తప్పయిపోయింది.

ఒప్పందం చూపి తక్కువ చెల్లించడాన్ని సమర్థించుకునే ఎత్తు మనకు కొత్త కాదు. మెకిన్నన్ మెకంజీ కంపెనీ తన మహిళా స్టెనోగ్రాఫర్లకు మగ స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ జీతం ఇస్తూ, కార్మిక సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారమే ఇస్తున్నానని వాదించింది. సుప్రీంకోర్టు 1987లో ఆ వాదనను తోసిపుచ్చింది. ఒకే రకమైన పనికి సమాన వేతనం ఇచ్చి తీరాలన్న 1976 నాటి చట్టాన్ని ఒప్పందంతో దాటవేయడం కుదరదని, అందరికీ ఇచ్చే స్తోమత లేదన్న సాకు కూడా చెల్లదని స్పష్టం చేసింది. బేరసారాల్లో బలహీనులైనవారు పెట్టిన సంతకాన్నే వారి మెడకు చుట్టే ప్రమాదాన్ని మన న్యాయస్థానం 1987లోనే గుర్తించగలిగింది.

తీర్పు కంటే సమాఖ్య ప్రవర్తన ఎక్కువ రోత పుట్టిస్తోంది. 2018లో సమాఖ్య అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నప్పుడు మహిళా క్రీడాకారులను సమానంగా చూడలేదని కార్లోస్ కోర్డెరో స్వయంగా ఒప్పుకున్నారు. ఆయన గద్దెనెక్కిన తరువాత, 2020 మార్చిలో, సమాఖ్య న్యాయవాదులు కోర్టుకు సమర్పించిన పత్రాల్లో పురుషుల జట్టు పనికి ఎక్కువ నైపుణ్యం, ఎక్కువ బాధ్యత అవసరమని, వేగంలో, బలంలో తేడా తిరుగులేని శాస్త్రమని రాశారు. మెక్సికోలోనూ మధ్య అమెరికా దేశాల్లోనూ ప్రత్యర్థి అభిమానుల ఆగ్రహాన్ని తట్టుకొని ఆడవలసి రావడం కూడా పురుషులు మోసే బాధ్యతల్లో ఒకటట! రెండు రోజులకు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో జపాన్‌తో మ్యాచ్‌కు వచ్చిన క్రీడాకారిణులు సన్నాహక చొక్కాలను తిరగేసి వేసుకున్నారు. సమాఖ్య చిహ్నం కనబడలేదు, నాలుగు ప్రపంచ కప్‌లకు గుర్తయిన నాలుగు నక్షత్రాలు మాత్రం కనబడ్డాయి. కోకా-కోలా, వీసా వంటి ప్రాయోజకులు బహిరంగంగా కన్నెర్ర చేసిన తరువాతే కోర్డెరో క్షమాపణ చెప్పి, మర్నాడో మాపో అన్నట్లు కుర్చీ దిగారు. ఆయన పోయారు కానీ వ్యాజ్యం ఆగలేదు. ఆడవాళ్లు తక్కువ అన్న వాదన అసహ్యంగా కనబడింది కనుక పక్కకు తప్పించి, ఆడవాళ్లకే ఎక్కువ ఇచ్చాం అన్న వాదనతో సమాఖ్య నెగ్గింది. ఒకే పత్రాల కట్టలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయని మరువరాదు. తక్కువ పనివారికి ఎక్కువ జీతం ఇచ్చానని చెప్పుకునే యజమాని ఏ లోకంలో ఉంటాడు?

డబ్బంతా పురుషుల ఆటే తెస్తోందన్న మాట కూడా తేలిగ్గా నోటికొస్తుంది. 2016 నుంచి 2018 వరకు అమెరికా మహిళల మ్యాచ్‌లు 5.08 కోట్ల డాలర్లు, పురుషుల మ్యాచ్‌లు 4.99 కోట్ల డాలర్లు ఆర్జించాయని సమాఖ్య లెక్కల ఆధారంగానే వాల్‌స్ట్రీట్ జర్నల్ 2019లో బయటపెట్టింది. ప్రసార, ప్రాయోజక హక్కులను రెండు జట్లకూ కలిపి అప్పట్లో ఒకే మూటగా అమ్మేవారు. ఎవరి వాటా ఎంతో విడదీసి చూపలేని సమాఖ్య, జీతాల దగ్గర మాత్రం ఎవరి విలువ ఎంతో కచ్చితంగా చెప్పగలిగింది. అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా 2018లో పురుషుల విజేతకు 3.8 కోట్ల డాలర్లు, 2019లో మహిళల విజేతకు 40 లక్షల డాలర్లు ఇచ్చిన మాట నిజం. ఆ పాపంలో ఫిఫాకు పెద్ద వాటా ఉంది. అయితే ఫిఫా కేంద్రమైన జ్యూరిచ్ నుంచి వచ్చిన సొమ్మును ఇంట్లో ఎలా పంచుకోవాలన్నది ఇంటి పెద్ద నిర్ణయం. నార్వే 2017లోనే రెండు జట్లకూ సమాన చెల్లింపులు ప్రకటించింది, అందుకోసం పురుష ఆటగాళ్లు తమ వాటాలో కొంత వదులుకున్నారు. ఆస్ట్రేలియా 2019 నవంబరులో వాణిజ్య ఆదాయాన్ని ఇరు జట్లకూ సమంగా పంచే ఒప్పందం చేసుకుంది. అమెరికా పురుష ఆటగాళ్ల సంఘం సైతం మహిళలకు న్యాయం చేయాలని 2020 ఫిబ్రవరిలో బాహాటంగా డిమాండ్ చేసింది. తమ పేరు చెప్పి మహిళలకు కోత పెట్టవద్దని ఆ మగవాళ్లే అంటుంటే, వారి తరఫున కోర్టులో వకాల్తా పుచ్చుకోవడానికి సమాఖ్యకు ఏం పట్టింది?

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకునేవారు మన క్రికెట్ బోర్డు 2020 నాటి జీతాల పట్టిక ఒకసారి తిరగేయాలి. 2020 మార్చి 8న మెల్‌బోర్న్‌లో భారత్, ఆస్ట్రేలియా మహిళల టీ20 ప్రపంచ కప్ ఫైనల్‌కు 86,174 మంది వచ్చారు. భారత జట్టులో అత్యున్నత శ్రేణి క్రీడాకారిణికి బోర్డు అప్పట్లో ఏడాదికి ఇచ్చినది 50 లక్షల రూపాయలు, పురుషుల అత్యున్నత శ్రేణికి 7 కోట్ల రూపాయలు. అప్పటి వన్డే జట్టు కెప్టెన్, మన హైదరాబాద్ ఆడపడుచు మిథాలీ రాజ్ ఆ ఏడాది రెండో శ్రేణిలో 30 లక్షల రూపాయల ఒప్పందంలో ఉండేవారు. ఇక్కడ అప్పట్లో మొత్తాన్ని చూపి రేటును దాచవలసిన శ్రమ కూడా ఎవరికీ లేకపోయింది, ఎందుకంటే అడిగినవారే లేరు. లాస్ ఏంజెలెస్‌లో నెగ్గిన లెక్కను ఇక్కడి పెద్దలు కూడా శ్రద్ధగా చదివే ఉంటారు.

అందుకే ఈ తీర్పు నిలబడడం ప్రమాదకరం. మ్యాచ్‌లకు బోనస్ ఉన్నట్లే అమ్మకాలకు కమిషన్ ఉంటుంది, కుట్టిన ఒక్కో చొక్కాకు కూలి ఉంటుంది. స్త్రీకి తక్కువ కమిషన్ రాసి, ఆమె రెట్టింపు అమ్మి మగ సహోద్యోగితో సమానంగా తెచ్చుకున్నాక, ఇక నీకు ఫిర్యాదు ఎక్కడిదని అడగడానికి ప్రతి యజమానికీ ఆనాడొక పూర్వోదాహరణ దొరికింది. బాగా పనిచేసిన స్త్రీకి సమాన వేతనం అడిగే హక్కు ఆ బాగా పనిచేయడం వల్లనే పోతుందన్నది ఇందులోని సారాంశం. ఆమె పురుషుల జట్టులాగే ఓడుతూ ఉండి ఉంటే వివక్ష స్పష్టంగా కనబడేది, వ్యాజ్యం నిలబడేది. గెలిచింది కనుక ఓడింది. అప్పీలుకు వెళతామని జట్టు అప్పుడే ప్రకటించింది. అక్కడైనా ఈ తిరకాసు లెక్కను సరిదిద్దకపోతే నష్టపోయేది 28 మంది క్రీడాకారిణులతో ఆగదు.

2020లో ఈ తీర్పు వచ్చేనాటికి సమాఖ్యకు సిండీ పార్లో కోన్ అధ్యక్షురాలు. 1999లో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఆడిన ఆమెకు ఈ రేట్లు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. మార్చిలో చెప్పిన క్షమాపణలు నిజమైనవే అయితే, కోర్టు ఇచ్చిన గెలుపును చంకన పెట్టుకొని బేరానికి కూర్చోవడం ఆమె మానుకోవాలి. అప్పుడు వైట్‌హౌస్‌కు పోటీ పడుతున్న జో బైడెన్, సమాన వేతనం ఇవ్వకపోతే ప్రపంచ కప్ నిధుల కోసం వేరే చోటు వెతుక్కోమని సమాఖ్యను తీర్పు మర్నాడే హెచ్చరించారు. 2026 పురుషుల ప్రపంచ కప్‌కు ఆతిథ్యమిచ్చే దేశాల్లో అమెరికా ఒకటి కనుక ఆ బెదిరింపుకు బరువుంది. బెదిరిస్తే తప్ప కదలని అలవాటును ప్రాయోజకుల దగ్గర ఒకసారి చూపించారు, అది చాలు. పురుషుల ఒప్పందంలోని బోనస్ పట్టికను ఒక్క అంకె మార్చకుండా మహిళల ముందు పెట్టండి. అది చేతకాకపోతే, ఈ జట్టు బొమ్మలు వేసి టికెట్లు, జెర్సీలు అమ్ముకోవడం ముందు ఆపండి.