సవరణ: మంచు వాలు ఎంత ఉంటే ప్రమాదం

అనంతపురం, కర్నూలు నుంచి చలికాలంలో హిమాచల్, ఉత్తరాఖండ్ ట్రెక్కులకు పోయేవాళ్ల కోసం పెట్టిన పాత పోస్టులో "45 డిగ్రీలు దాటిన వాలుల్లోనే అవలాంచ్ (వాలు మీది మంచు ఒక్కసారిగా కిందికి జారిపడడం) వస్తుంది" అని ఉంది. ఆ వాక్యం తీసేశాం. పలకగా విరిగి జారే అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్యే వస్తాయి, 38 చుట్టుపక్కల మరీనూ. బాగా నిటారుగా ఉన్నచోట మంచు పెద్దగా పోగుపడకముందే రాలిపోతుంది.

కంటి అంచనాను నమ్మొద్దు. గుత్తి కోట ఎక్కితే కాళ్లు గట్టిపడతాయి గానీ మంచు వాలు కొలవడం అక్కడ రాదు. ట్రెక్కింగ్ కర్రను వాలు వెంబడి మంచు మీద పడుకోబెట్టి, దానిపై ఫోన్ అంచు ఆనించి, కోణం చూపే యాప్‌లో చదవండి. 30 లోపే వచ్చినా, పైన నిటారు వాలుంటే అక్కడి మంచు మీ దాకా వస్తుంది.

"ఎండ కాస్తే భయం లేదు" అన్నదీ సరికాదు. పల్చటి మంచు మీద వారాల తరబడి గట్టి చలి పడితే అడుగు పొర బొంబాయి రవ్వలా పొడిపొడి అవుతుంది, పట్టుండదు. దాని మీద కొత్త మంచో, గాలి మోసుకొచ్చిన మంచో చేరితే ఒక్క మనిషి బరువుకే పలక విరగొచ్చు. ఎండ దాన్ని గట్టిపరచదు. కాలికింద "గుప్"మని కుంగినా, మీ పాదం దగ్గర నుంచి మంచులో పగులు పాకినా వచ్చిన దారినే వెనక్కి రండి.

బీకన్‌ను (మంచులో కూరుకుపోయినవాళ్లను వెతకడానికి సిగ్నల్ పంపే, అందుకునే చిన్న పరికరం) బ్యాగులో కాదు, ఒంటికే కట్టుకోవాలి. ఫోన్‌ను దానికి కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉంచండి.