చెవి ట్యాగు తెగితే గొర్రె మారిపోతుందా?

అనంతపురం జిల్లాలో ఒక బయోటెక్ పరిశోధన సంస్థ తన పశువుల లెక్కల సాఫ్ట్‌వేర్‌ను మార్చుకుంటోంది. కొత్త నమూనా చూశాను. తెరలకు రంగులు బాగా అద్దారు. లోపల మాత్రం పాత స్టాకు రిజిస్టరే: వచ్చినవి, పోయినవి, మిగిలినవి.

యాంటీబాడీల కోసం, అంటే రోగకారకాలను పట్టుకునే రక్తంలోని ప్రొటీన్ల కోసం, పెంచే గొర్రెను ఇలా తలల లెక్కన చూస్తే పని చెడుతుంది. దాన్ని ఏ సంతలో కొన్నారు, యాంటీబాడీలు పుట్టించే ఏ పదార్థం (యాంటిజెన్) ఎప్పుడు ఎక్కించారు, రక్తం ఎంత తీశారు అన్నదే దాని విలువ. ఒంట్లోని రక్తంలో పదో వంతుకు మించి ఒకేసారి తీయకూడదంటారు. 30 కిలోల గొర్రెకు అది 200 మిల్లీలీటర్లకు లోపే. కంపకు తగులుకుని చెవి ట్యాగు తెగిందనుకోండి. కొత్త నంబరు వేయగానే ఈ సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది ఇవాళే దొడ్డిలోకి వచ్చిన గొర్రె. మొన్న తీసిన రక్తం లెక్క పాత నంబరుతోనే పోతుంది, రేపు మళ్లీ సూది దిగుతుంది. ట్యాగు ఎన్నిసార్లు మారినా చరిత్ర ఒకటిగానే ఉండాలి. తప్పు దొర్లితే చెరిపేయకుండా దిద్దుబాటును పక్కన రాయాలి. ఈ రెండూ లేనిదాన్ని ఆధునికీకరణ అనడానికి నాకు నోరు రాదు.

ఇంకో చిక్కు. గొర్రెలకు, మేకలకు సోకే పారుడు రోగాన్ని, అంటే పీపీఆర్‌ను, పసిగట్టే పరీక్షను సరిచూసుకోవాలంటే ఆ రోగం సోకని, టీకా పడని గొర్రె రక్తం కూడా కావాలి. సంతలో కొన్న గొర్రెకు ఏదో ఊరి శిబిరంలో అప్పటికే టీకా పడి ఉంటే? అమ్మినవాడిని అడిగితే చెప్పేవాడు. అడగమని నమూనాలో ఎక్కడా లేదు.

ప్రయోగాల మధ్యలో మారిస్తే పాత వివరాలు చెదిరిపోతాయన్నది అక్కడే కొందరి వాదన. భయం నిజమే. కొన్నాళ్లు రెండింటినీ పక్కపక్కన నడపండి, ఖర్చవుతుంది, అవనివ్వండి. మందను లెక్కలో చూపకపోతే అంతకన్నా ఖరీదు. అమెరికాలో యాంటీబాడీలు అమ్మే సంస్థ శాంటాక్రజ్ బయోటెక్నాలజీ అధికారులకు చెప్పని చోట ఉంచిన 841 మేకలు 2012లో బయటపడ్డాయి. 2016లో ఆ సంస్థ 35 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది.

నా అసలు కోపం వేరే ఉంది. 2019 పశుగణనలో తెలంగాణ తర్వాత దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం మనది, సుమారు 1.76 కోట్లు. అందులో అనంతపురానిది పెద్ద వాటా. ముఖం చూసి గొర్రెను, నడక చూసి జబ్బును పోల్చుకునే కాపరులున్న నేల ఇది. వాళ్లలో ఒకరిద్దరిని జీతానికి పెట్టుకుని, వాళ్లు చదవలేని ఇంగ్లిషులో తెర తయారు చేయించారు. ప్రభుత్వం పశువుల చెవులకు వేసే 12 అంకెల ట్యాగుల దగ్గరా నాకు కనిపించేది ఇదే: నంబరుకు చోటుంది, పెంచినవాడి మాటకు లేదు.

నమూనా చూపించిన కుర్రాడిని అడిగాను, మేత మానేసిందని కాపరి చెబితే ఎక్కడ రాస్తారని. కింద ‘రిమార్క్స్’ గడి చూపించాడు. తెలుగులో టైపు చేయించాను. వరుసగా ఖాళీ డబ్బాలు పడ్డాయి.