కొన్న కార్డును ఒక్కసారైనా తిప్పి చూడరా?

బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలుండే కార్డులు అమ్మే షోకి వెళ్లాలంటేనే ఈమధ్య విసుగొస్తోంది. నేను టాప్స్ అనే అమెరికా కంపెనీ 1952లో తెచ్చిన సెట్ పోగుచేస్తున్నాను. మొత్తం 407 కార్డులు. మూలలు అరిగినా, మడత పడినా, వెనక పెన్ను గీతలున్నా నాకు పర్వాలేదు. నా స్తోమతకు అందిన ధరలో ఒక్కొక్కటే వెతుక్కుంటాను. పోయినసారి ఒక షాపతని దగ్గర పాత పెట్టె తిరగేస్తుంటే పక్కనుంచి ఒకాయన వచ్చి, లోపల ఏముందో చూడకుండానే పెట్టె మొత్తానికి ధర కట్టేశాడు. నేను ఏరి పక్కన పెట్టుకున్నవి కూడా షాపతను లాగేసుకుని ఆయనకే ఇచ్చాడు! ఒళ్లు మండిపోయింది.

2022లో ఈ సెట్లోని మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 1.26 కోట్ల డాలర్లు పలికినప్పటి నుంచీ అందరి నోటా అదే పేరు. ఆ 311వ నంబరు కార్డును తర్వాతి నంబర్లలో చాలావాటికంటే ఎక్కువే అచ్చువేశారని వీళ్లలో ఎందరికి తెలుసు? ఒకటో నంబరు కార్డు మీదున్న ఆటగాడు ఆండీ పాఫ్కో సంగతి అడగండి. అప్పటి పిల్లలు కార్డులను వరుసగా పేర్చి రబ్బరు బ్యాండు వేసేవాళ్లు. పైనుండే పాఫ్కోకే దెబ్బ. అందుకే అది నలగకుండా దొరకడం అంత కష్టం. ఇలాంటివి తెలుసుకుంటూ వెతకడమే నాకు ఆనందం.

డబ్బున్నవాళ్లు కొనొద్దని అనను. కానీ కార్డు ఎంత బాగుందో చెప్పే గ్రేడు అంకె మాత్రమే చూసి, లాకర్లో పడేసి, ధర పెరగ్గానే అమ్మేస్తుంటే, నాలాంటివాళ్లు ఆ కార్డుల కోసం ఇంకెన్నేళ్లు తిరగాలి?