తొలకరికి ఆడా మగా ఏమిటి?

ఈసారి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం చేసిన సంక్రాంతి సంబరాల్లో భోగిపళ్ల కార్యక్రమానికి వచ్చినవాళ్లకు నేను దేని గురించి రాస్తున్నానో తెలిసే ఉంటుంది. నవ్వినవాళ్లలో చాలామంది మర్చిపోయి కూడా ఉంటారు.

స్టేజీ మీద పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి వ్యాఖ్యాత ఒక్కొక్క పేరే చదువుతున్నాడు. మా మేనల్లుడి కొడుకు వంతు వచ్చింది. పిల్లాడి పేరు పత్రికకెక్కడం వాళ్లమ్మకు ఇష్టం లేదు కాబట్టి ఇక్కడ తొలకరి అనుకుందాం, అసలు పేరూ ఆ వరసదే. "తొలకరి పాప ఎక్కడ? పట్టులంగా వేయలేదేంటమ్మా?" అన్నాడు. వాడి మెడలో వేసిన ట్యాగు కూడా గులాబీ రంగుదే. పేరు చూసి ఎవరో వాలంటీరు అమ్మాయనుకున్నారు. బాబండీ అని చెప్పాక అక్కడితో వదిలేయొచ్చు కదా. "అయ్యో బ్రదర్, మగపిల్లాడికి ఆడపిల్ల పేరు పెట్టేశారా! పాపే పుడుతుందని ముందే ఫిక్సయిపోయారా?" హాలంతా ఒకటే నవ్వు. రేగుపళ్లు, చిల్లర, పూలరేకులు వాడి నెత్తిన పోశాం, హారతిచ్చాం, దిగి వచ్చేశాం. ఇంటికొచ్చాక మా మేనల్లుడు "అత్తా, ఏ కార్తీక్ అనో పెట్టేసి ఉంటే గొడవుండేది కాదు" అన్నాడు. నాకు మండింది అక్కడే.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. వాడు పుట్టింది జూన్‌లో, మృగశిర కార్తె వచ్చిన వారంలో. మాది అనంతపురం జిల్లా. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో అదొకటి. మా తమ్ముడు, అంటే వాడి తాత, ఇంకా అక్కడే వేరుశనగ వేస్తున్నాడు. మనవడు పుట్టాడని వీడియో కాల్ చేస్తే ఇంట్లో లేడు, చేను గట్టు మీద ఉన్నాడు. ముందురోజు రాత్రి వాన పడింది. మేం బిడ్డ ముఖం చూపిస్తుంటే తను ఫోన్ తిప్పి తడిసిన నేల చూపిస్తాడు! "పదునైంది అక్కా, రేపు విత్తనం వేస్తా" అన్నాడు. బిడ్డ బరువెంత, ఎవరి పోలిక అన్నవన్నీ ఆ తర్వాతే. మా మరదలు తిట్టింది కూడా. ఇక్కడి ఆసుపత్రుల సంగతి మీకు తెలిసిందే, తల్లీబిడ్డా ఇల్లు చేరకముందే బర్త్ సర్టిఫికెట్ ఫారం చేతిలో పెడతారు. బారసాల దాకా ఎవరాగుతారు? పంతులుగారికి నక్షత్రం వాట్సాప్ చేసి అక్షరం తెప్పించుకునే తీరికా లేదు. ఆ కాల్ మొత్తం విన్న కోడలు ఫారంలో ఆ పేరు రాసేసింది. 21వ రోజున పళ్లెంలో బియ్యం పరిచి, బంగారు ఉంగరంతో అదే పేరు మళ్లీ రాశాం.

అవతలివాళ్ల మాటలోనూ న్యాయం లేకపోలేదు. తెలుగులో పేరు వినగానే వచ్చాడా, వచ్చిందా తేల్చుకోవాలి. "గారు" తగిలించి తప్పించుకుందామంటే పసివాళ్ల దగ్గర కుదరదు. వెన్నెల, వర్ష, హిమబిందు అంటే ఆడపిల్లలని, సాగర్, గిరి, ఆదిత్య అంటే మగపిల్లలని చెవికి అలవాటైపోయింది. పెద్దయ్యాక తోటిపిల్లలు ఏడిపిస్తారనే అమ్మమ్మల భయమూ ఉత్తిది కాదు. సరే, ఏడిపించేదెవరు? వాడి క్లాసులో తెలుగు రాని పిల్లలకు తొలకరి ఆడో మగో తెలియదు, పలకడమే వాళ్లకో తంటా. రివర్ అనే పేరు ఈ దేశంలో అబ్బాయిలకూ ఉంది, అమ్మాయిలకూ ఉంది. ఇక్కడి ప్రభుత్వ సోషల్ సెక్యూరిటీ శాఖ వాళ్లు ఏటా ఇచ్చే పేర్ల జాబితాలో రెండు వైపులా కనిపిస్తుంది. నీది అమ్మాయి పేరురా అని వాడికి చెప్పగలిగేది మనమే, చెప్పింది మన పండగలోనే.

ఆ దెబ్బ మనమూ తింటున్నవాళ్లమే. సూర్య, కృష్ణ, ఆదిత్య అని పెట్టుకున్న మన మగపిల్లల్ని, స్పెల్లింగు చివర 'ఏ' చూసి టీచరు అమ్మాయనుకుంటే ఇంటికొచ్చి ఎంత నొచ్చుకుంటాం! పాపం వాళ్లకు మన పేర్లు తెలియవని సర్దిచెప్పుకుంటాం. మనకు తెలుసు కదా మరి.

తెలిసిందీ అంతంతమాత్రమే. తామరపువ్వునే చూడండి. కమల, పద్మ, సరోజ, నళిని ఆడవాళ్లు. రాజీవ్, అరవింద్, పంకజ్, నీరజ్ మగవాళ్లు. అన్నీ ఆ పువ్వే. టోక్యోలో బల్లెం విసిరి స్వర్ణం తెచ్చిన నీరజ్ చోప్రాను పువ్వు పేరేమిటని ఎవరూ అడగలేదు. కిరణ్ అంటే మనకు అబ్బాయి. 1972లో ఐపీఎస్‌లో చేరిన తొలి మహిళ కిరణ్ బేడీ. జ్యోతి మనకు అమ్మాయి, బెంగాల్‌లో 23 ఏళ్లు ముఖ్యమంత్రిగా ఉన్న జ్యోతి బసు మగాయన. అంతదూరం ఎందుకు, సిరివెన్నెల అనగానే మనకు గుర్తొచ్చేది సీతారామశాస్త్రిగారే. సినిమా వల్ల వచ్చిన పేరే అనుకోండి, మగాయనకు వెన్నెలేమిటని మాత్రం ఒక్కరూ నవ్వలేదు. మృగశిర వెనకే వచ్చే వానకార్తె ఆరుద్ర. ఆ పేరుతో కవిత్వం రాసిందీ మగవాడే.

పాతరోజులన్నీ గొప్పవని నేననను. పుట్టిన బిడ్డలు దక్కక పెంటయ్య, పెంటమ్మ అని పెట్టుకున్న రోజులవి. అయినా మా ఊళ్లో కొండయ్యా ఉండేవాడు, కొండమ్మా ఉండేది. చంద్రయ్య, చంద్రమ్మ, సూరయ్య, సూరమ్మ. కొండా, చంద్రుడూ, సూర్యుడూ అందరివీ, చివర అయ్యో అమ్మో చేరిస్తే సరిపోయేది. అమెరికా వచ్చాక, కాదు, అంతకుముందు హైదరాబాద్ చేరినప్పుడే, ఆ తోకలు మోటుగా ఉన్నాయని కత్తిరించేసుకున్నాం. ఇప్పుడు ఏ పేరు ఎవరిదో తేల్చమని యాప్‌ను అడుగుతున్నాం. ఇంటిపేర్లలో చింతల, తుమ్మల, మర్రి, మల్లెల మోస్తూ తిరిగే మగవాళ్లకు మాత్రం తమ పేర్లో చెట్టూ పువ్వూ ఉన్న సంగతే పట్టదు.

ఇంకో మాట. ఆడపిల్లకు శిఖర అని పెడితే ఎంత స్ట్రాంగ్‌గా ఉందో అంటాం. మగపిల్లాడికి చినుకు పేరో పువ్వు పేరో పెడితే పరువు తక్కువ. ఆడపిల్ల పేరు పెడితే మగపిల్లాడు తగ్గిపోతాడన్న నమ్మకం ఆ హాల్లోని నవ్వులో ఉంది. అదే స్టేజీ మీద కూర్చున్న ఆడపిల్లల అమ్మలూ నవ్వారు, అది నాకు ఇంకా మింగుడుపడటం లేదు.

కార్యవర్గానికి నా విన్నపం చిన్నదే. రిజిస్ట్రేషన్ ఫారంలో పేరు పక్కన ఎలా పలకాలో రాయడానికి ఒక గడి పెట్టండి. పిల్లల ట్యాగులన్నీ పసుపు రంగులో కొట్టించండి, మనకు శుభం కూడా. మైకు పట్టుకున్నవాళ్లు పేరు చదివి, దీవించి, తర్వాతి పేరుకు వెళ్లిపోతే చాలు. ఇంకా తెలుసుకోవాలనిపిస్తే ఆ పేరు ఎలా వచ్చిందని కన్నవాళ్లను అడగండి, సంతోషంగా చెబుతారు. మా మేనల్లుడు పేరు మార్పించడానికి ఏ కాగితాలు కావాలో వాకబు చేస్తున్నాడు. ఉగాది దాకా ఆగమని బతిమాలాను. ఆ రోజు పిల్లల కార్యక్రమానికి మైకు ఎవరి చేతికిస్తున్నారో కాస్త ముందుగా నాకు ఫోన్ చేసి చెప్పండి. వాళ్లతో నేను మాట్లాడతాను.