‘లింగం’ అన్న మాటకు ఎందుకంత సిగ్గు?

మొన్న మా పాప ఏడో తరగతి సైన్సు పుస్తకం పట్టుకొచ్చింది. "అమ్మా, ఏకలింగ పుష్పం, ద్విలింగ పుష్పం అంటే ఏంటి? టీచర్ ఈ పేరా ఇంట్లో చదువుకోమన్నారు" అంది. ఆ మాట రాగానే క్లాసంతా కిసుక్కుమందట, ఆవిడ పేజీ తిప్పేశారట. తెలుగు పీరియడ్‌లో పుంలింగం, స్త్రీలింగం వచ్చినా ఇదే తంతట. నాకు చాలా బాధేసింది.

లింగం అంటే గుర్తు, ఆనవాలు. తర్కశాస్త్రంలో నిప్పుకి పొగ లింగం. జీవశాస్త్రం ఆ గుర్తును ఒంట్లో, పువ్వులో వెతుకుతుంది. వ్యాకరణం మాటలో వెతుకుతుంది. రెండూ ఒకటే అనుకుంటేనే చిక్కు. సంస్కృతంలో పెళ్లానికి ఉన్న మాటల్లో ‘భార్యా’ స్త్రీలింగం, ‘దారాః’ పుంలింగం, ‘కళత్రం’ నపుంసకలింగం. మనిషి మాత్రం ఆవిడే! హిందీలో బస్సు ఆడది, ట్రక్కు మగది. నేర్చుకునేటప్పుడు మనకు అదే కదా టెన్షన్.

తెలుగు దారి వేరు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. అదే ఇద్దరు ఆడవాళ్లయితే మగవాళ్లలాగే ‘వచ్చారు’. తమిళంలోనైతే ‘వందాళ్’ అని ఆమెకు వేరే రూపం ఉంది. ఇది చూపించి, తెలుగు ఆడవాళ్లను పశువుల్లో కలిపేసిందని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. క్రియ చివర ‘ది’ ఎవరినీ చిన్నచూపు చూడదు. కానీ మగవాళ్ల పదాలకు ‘మహద్వాచకాలు’ (గొప్పవాటిని చెప్పేవి), మిగతా వాటికి ‘అమహద్వాచకాలు’ (గొప్పవి కానివాటిని చెప్పేవి) అని పేర్లు పెట్టింది పండితులు. ఆ పేర్లంటే నాకు మంటే.

పాపను పెరట్లోకి తీసుకెళ్లాను. మందారంలో నడిమి గొట్టం చుట్టూ పసుపు పుప్పొడి, అది మగ భాగం. కొసన ఐదు ఎర్ర బొట్లు, అవి ఆడ భాగం. రెండూ ఒకే పువ్వులో ఉన్నాయి, అందుకే ద్విలింగం. పక్కనే కాకర పాదు, దానివి ఏకలింగ పుష్పాలు, ఆడ మగ వేర్వేరు. ఒక పువ్వు కింద ఉత్త కాడ, ఇంకోదాని కింద గోరంత కాకరపిందె. "ఇది ఆడ పువ్వు కదా!" అని తనే కనిపెట్టింది. తాటిలోనైతే చెట్టుకు చెట్టే వేరు. పోతుతాడి, పెంటితాడి అని మా అమ్మమ్మ నలుగురిలో మామూలుగానే అనేది, ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

"మగ పువ్వయినా ‘పూసింది’ అనే అంటామా?" అని అడిగింది పాప. అవునన్నాను.

టీచర్లూ, దయచేసి ఆ పేరా క్లాసులోనే చదివించండి. వెళ్తూ వెళ్తూ ఒక మందార పువ్వు కోసుకెళ్లండి.