నాటకానికి ఒక రాత్రి మొత్తం ఇవ్వండి

ఒడిశాలోని మన బరంపురంలో, పర్లాకిమిడిలో ఈమధ్య చూసిన తెలుగు నాటకాల గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. నటులను తప్పుపట్టడానికి కాదు. ఇచ్ఛాపురం, సోంపేటల నుంచి వచ్చిన కళాకారుల్లో గొప్ప గొంతులున్నాయి. వాళ్లను పిలిచి కూడా ఆడనివ్వని మన తెలుగు సంఘాల పద్ధతి మీదే నా బాధంతా.

సత్యహరిశ్చంద్రలో వారణాసి రంగం, కాటి రంగం తప్ప ఇంకేమైనా ఉందన్న సంగతే మనవాళ్లు మరిచిపోయారు. జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు, పిల్లల డాన్సులు అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ఎప్పుడో మేకప్ వేసుకుని కూర్చున్న హరిశ్చంద్రుడికి ‘ముప్పావుగంటలో ముగించండి’ అని కబురెళ్లింది. అయినా ఆయన మనసు పెట్టి పాడాడు. చంద్రమతిని అమ్మకానికి నిలబెట్టాడు. నోట మాట రావడం లేదు. లోహితాస్యుడు తల్లి కొంగు వదలడం లేదు. హార్మోనియం ఒక్కటే సన్నగా శ్రుతి పట్టుకుని ఉంది. సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన స్టేజీ ఎక్కి హరిశ్చంద్రుడి భుజానికి ఐదు వందల నోటు గుచ్చారు. మైకులో ఆయన పేరు, హోదా చదివారు. హరిశ్చంద్రుడు ఆయనకు దండం పెట్టి, మళ్లీ భార్యను అమ్ముకునే దుఃఖంలోకి వెళ్లాల్సి వచ్చింది. చదివింపులు వద్దనను, కళాకారులకు ఆ డబ్బు అవసరం. తెర పడ్డాక ఇస్తే ఎవరు కాదంటారు?

కాటి రంగం మాత్రం నాకు చాలా నచ్చింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కలిపి పాడటం ఎప్పటినుంచో ఉన్నదే. అవి లేకపోతే ఇప్పుడు జనం ఊరుకోరు. ఈ నటుడు వన్స్ మోర్ కోసం రాగం సాగదీయలేదు. పదం విరగకుండా, ప్రతి మాటా చివరి వరసకు వినబడేలా చదివాడు. పద్యనాటకం ఈ తరానికి ఎక్కదనేవాళ్లు ఆ పది నిమిషాలు హాల్లో ఉండాల్సింది.

ఇక కన్యాశుల్కం. గిరీశం మంచం కిందకు దూరే ఘట్టం ఒక్కటే వేశారు. పూటకూళ్లమ్మ చీపురుతో రాగానే హాలంతా నవ్వులే. మధురవాణిగా చేసిన అమ్మాయి చూపులోనే సగం మాట చెప్పింది. అంతా బాగుంది. కానీ లుబ్ధావధాన్లు లేడు, బుచ్చమ్మ లేదు, చిన్నపిల్లను ముసలివాడికి డబ్బుకు కట్టబెట్టే బేరం ఊసే లేదు. ఆ రాత్రి మొదటిసారి చూసిన కుర్రాళ్లకు అదొక కామెడీ స్కిట్‌గానే మిగిలిపోయింది. గురజాడ వారు ఆడపిల్లల అమ్మకం మీద రాసిన నాటకమని వాళ్లకు ఎలా తెలుస్తుంది? 1909లో తిరగరాసిన కన్యాశుల్కానికి ఏడు అంకాలు. అంతా ఆడాలంటే ఒక రాత్రి చాలదని నాకూ తెలుసు. ఏ సమాజమైనా కుదించే వేస్తుంది. కుదిస్తే కథ నిలుస్తుంది, ముక్క కోసి పెడితే నవ్వొక్కటే మిగులుతుంది.

పైగా కన్యాశుల్కం మన పక్కింటి నాటకం. 1892లో మొదట ఆడింది విజయనగరంలో. అందులోని యాస బరంపురం తెలుగుకు చుట్టమే. గురజాడ వారితో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూ వాడుక భాష కోసం పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లోనే ఈ నాటకానికి పావుగంట కంటే ఎక్కువ ఇవ్వలేకపోయామంటే నాకు కష్టంగా ఉంది.

పరిషత్తు పోటీలకు తయారైన ఒక సాంఘిక నాటిక కూడా చూశాను. లైటింగ్ చక్కగా ఉంది. కథ మళ్లీ అదే: అమెరికా కొడుకు, వృద్ధాశ్రమం, వెనక వయొలిన్. సూరత్ మరమగ్గాలకు వలసపోయే గంజాం కుర్రాడి మీద, బరంపురం పట్టు నేసే దేరా వీధుల మీద మనలో ఎవరైనా నాటిక రాస్తే చూడాలని ఉంది.

జనం కూర్చోరు, టైము లేదు అంటారు. గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం తెల్లవార్లూ సాగుతుంది. జలంతర సంస్థానంలో పుట్టి, కర్ణాటక రాగాలనూ మన యక్షగానం వాసననూ నింపుకున్న ఆట అది. మెట్లు మెట్లుగా కట్టిన ఎత్తు సింహాసనం మీంచి హిరణ్యకశిపుడు అడుగులేసుకుంటూ దిగుతుంటే, ఒడియా కుర్రాళ్లు ఫోన్లు జేబులో పెట్టుకుని చూడటం నేను కళ్లారా చూశాను. వాళ్లు కూర్చోగలిగితే మనవాళ్లు కూర్చోలేరా?

మన పిల్లలు ఒడియా, ఇంగ్లిష్ మీడియం బళ్లలో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అక్షరాలు రావు. ఈ పత్రికైనా అమ్మానాన్నలు చదివి వినిపించాల్సిందే. అలాంటి పిల్లలకు గురజాడ, బలిజేపల్లి అందేది చెవి ద్వారానే. నాటకాన్ని సభలో ఒక ఐటెంగా మార్చితే వాళ్లకు ఆ దారి కూడా మూసేసినట్టే.

అందుకే సంఘం పెద్దలను కోరుతున్నాను. వచ్చే దసరాకు సన్మానాలు ఒక రోజు, నాటకం ఒక రోజు పెట్టండి. నాటకం రోజున ఏడు గంటలకల్లా తెర లేవాలి. మూడు గంటలకు కుదించిన కన్యాశుల్కం మన పిల్లలతోనే వేయిద్దాం. రిహార్సల్స్ ఆషాఢంలో మొదలుపెడితే చాలినంత టైముంటుంది. తెలుగు చదవలేనివాళ్లకు వాళ్ల పాత్రల డైలాగులు ఒడియా లిపిలో రాసి ఇవ్వడానికి నేను సిద్ధం. మధురవాణి వేషానికి, పూటకూళ్లమ్మ వేషానికి ముందుకొచ్చే అమ్మాయిలు ఈ నెలాఖరులోగా సంఘం ఆఫీసులో పేరిస్తే వాళ్ల డైలాగులు వెంటనే పంచుతాను.